దొరసాని రెండు చావులు

మైకులో అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. మీరిప్పుడు ఫోనులో ఒక వార్త పెడతారు, తప్పని తేలితే తుడిచేస్తారు. మా రోజుల్లో అన్న మాట జీపు కంటే ముందే ఊరు దాటిపోయేది. దాని వెనక ఎంత తిరిగినా అందేది కాదు.

అరవయ్యో దశకం చివర్లో నేను నిజామాబాదులో ఒక సర్కారు ప్రచార కార్యాలయంలో కొత్తగా చేరాను. జీపుకు మైకు కట్టుకుని ఊరూరా తిరగాలి. మశూచి టీకాలు, కాలువ నీళ్ల వంతులు, కుటుంబ నియంత్రణ, ఏది చెప్పమంటే అది చెప్పాలి. చీకటి పడితే తెర కట్టి సర్కారు బొమ్మలు చూపించాలి. మాది మాక్లూరు పక్క పల్లె, పసుపు పండించే ఇల్లు. గొంతు బాగుందని నాకు ఉద్యోగమిచ్చారు. "ఒర్లుడు గూడ నౌకరేనారా?" అని మా బాపు చాలా రోజులు ఆశ్చర్యపోయాడు.

జీపు నడిపేది నిజామాబాదు ముస్లిం పెద్దాయన. నాకంటే రెట్టింపు వయసు. నేను చాచా అనేవాడిని, ఆయన నన్ను బేటా అనేవాడు. మా ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినాయన. మంచివాడు, మర్యాదస్తుడు, కానీ పైనుంచి ఫోను వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేంత భయస్తుడు.

చెరుకు సీజను నడుస్తున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన నన్ను పిలిచారు. ఎడపల్లి దాటి రెంజల్ వైపు వెళ్లే దారిలో ఉన్న గడి దొరసాని హైదరాబాదు దవాఖానాలో పోయారని, శవాన్ని తెస్తున్నారని, సాయంత్రం దహనమని చెప్పారు. గడి నుంచి చిన్నదొర స్వయంగా ఫోను చేశాడట. బోధన్ మొదలుపెట్టి ఆ దారి పొడుగునా ప్రకటించి, చివరికి గడికి చేరాలని ఉత్తరువు.

దొరసాని పేరు చెప్పను. ఆ పక్క వాళ్లకు చెప్పనక్కర లేదు, మిగతావాళ్లకు చెప్పి లాభం లేదు. భర్త చిన్న వయసులోనే పోతే ఆ కోటలాంటి గడి, భూములు, మనుషులు అన్నీ ఆమే ఏలింది. బడికి జాగా ఇచ్చింది. అదే చేత్తో మనుషులను ఎండలో వంగబెట్టి వీపు మీద రాళ్లు పెట్టించింది. నేను చేరేనాటికి ఆ పెత్తనాలు కాగితం మీద పోయాయి. భూములు మాత్రం చాలావరకు ఉన్నాయి, భయం మొత్తం ఉంది. ఆమెకు పిల్లలు లేరు. చిన్నదొర ఆమె మరిది కొడుకు, వారసుడు.

బోధన్ బజారులో నేను మొదటిసారి ప్రకటించగానే ఒక ముస్లిం బట్టల దుకాణదారు, నెరిసిన గడ్డం మనిషి, లేచి తలుపులు దించడం మొదలుపెట్టాడు. నేను ఆపమనలేదు, మూయమనలేదు. తాళం వేసి జీపు దగ్గరికి వచ్చాడు.

"పోలీస్ యాక్షన్ దినాలల్ల మా అమ్మను, అక్కచెల్లెండ్లను గడిల దాచింది సాబ్," అన్నాడు. "దర్వాజ కాడ తనే కుర్సీ ఏసుకొని కూసున్నది. ఒక్కన్ని లోపలికి రానియ్యలే."

ఆయన కళ్లు తుడుచుకుంటూ నడిచిపోయాడు. చాచా ఆయన కనుమరుగయ్యేదాకా జీపు కదిలించలేదు. నాకూ మనసు బరువెక్కింది. ఆ బరువు చక్కెర ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లేసరికి దిగిపోయింది. రోడ్డు పక్కన చెరుకు బండ్లు కాంటా కోసం వరుసగా ఆగి ఉన్నాయి. నా ప్రకటన విని ఒక బండాయన అడిగింది ఒకటే మాట, ఆమె పోయిందని ఫ్యాక్టరీ బందు పెడతారా అని. ఎడ్లు అలిసిపోయాయి, చెరుకు ఎండిపోతున్నది, ఈ పూట కాంటా ఆగితే తాను మునుగుతానన్నాడు. చావు కబురు విని ఇట్లా అడిగినందుకు సిగ్గుపడి తలకట్టు సర్దుకున్నాడు. అయినా జవాబు వినేదాకా కదలలేదు. నాకు తెలియదన్నాను. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఎడపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న వాడ ఉంది. మట్టి గోడల ఇళ్లు, గట్టిగా ఇరవై ఉండవు. ఇళ్లన్నీ గడి జాగాలోనే. దొరసాని ఉండనిచ్చింది కాబట్టి ఉన్నారు, అంతకు మించి హక్కు లేదు. కాలువ నీళ్లు దగ్గరికి వచ్చాక ఆ జాగా చదును చేసి చెరుకు పెట్టాలని చిన్నదొర చూస్తున్నాడని అందరికీ తెలుసు.

వాడవాళ్లు పక్క చేనులో చెరుకు కొడుతున్నారు. నేను చెప్పింది విని కొడవళ్లు ఆగాయి. ఒక ముసలాయన చెయ్యెత్తి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన తన వీపు మీద చెయ్యి వేసుకుని అట్లాగే నిలబడ్డాడు. ఒక పడుచువాడు చేనులోంచి పరుగెత్తి ఇంట్లోంచి డప్పు తెచ్చాడు. కాసిని ఎండుటాకులు అంటించి, డప్పు కాచి, కొట్టడం మొదలుపెట్టాడు. అది చావు డప్పు కాదు. డప్పు దెబ్బ ఎరిగినవాడెవడికైనా అది ఏమిటో తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు అడుగు వేశారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఒక్క మనిషి మాత్రం చెరుకు కొడుతూనే ఉంది. నలభై దాటిన ఆడమనిషి. డప్పు వైపు చూడలేదు, మా వైపు చూడలేదు. కొట్టి, ఆకు తీసి, పక్కన వేస్తున్నది.

"చలో బేటా," అన్నాడు చాచా. "గిది మనం సూడొద్దు."

గడి ముందు అప్పటికే జనం చేరారు. పాడె కట్టడం పూర్తయింది. కొత్త కుండ, పూలు, కట్టెల బండి అన్నీ వచ్చాయి. చిన్నదొర తెల్లబట్టలు కట్టుకుని వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడుతున్నాడు. నన్ను చూసి, ఎక్కడెక్కడ చెప్పానో, జనం ఎట్లా బాధపడ్డారో అడిగాడు. నేను బోధన్ దుకాణాయన సంగతి చెప్పాను.

మధ్యాహ్నం దాటాక కారు వచ్చింది. ముందు సీటులోంచి దొరసాని తమ్ముడు దిగాడు. వెనక తలుపు తీశారు. జనం ముందుకు తోసుకున్నారు, ఏడుపులు లేచాయి. తలుపు పక్కనున్నవాళ్లు మాత్రం వెనక్కి తగ్గారు.

దొరసాని కళ్లు తెరిచి ఉన్నాయి. తల దిండు మీద ఆనించి ఉంది. ఆ కళ్లు జనం మీదుగా మెల్లగా తిరిగి పాడె దగ్గర ఆగాయి.

"గా పాడె ఎవలికి?" అని అడిగింది.

ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు మధ్యలో ఆపేశారు. చిన్నదొర పాడెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

జరిగింది ఇంతే. డాక్టర్లు ఇక చేసేదేం లేదని, ఇంటికి తీసుకుపొమ్మని అన్నారు. తమ్ముడు గడికి ఫోను చేసి, "అక్కను తెస్తున్నం, ఇంటికాడ అన్ని చూసుకోండ్రి" అన్నాడు. దూరపు ఫోను, గరగర. చిన్నదొర దాన్ని తాను విన్నట్టు విన్నాడు. తప్పుగా విన్నానని ఆయన అన్నాడు. వినాలనుకున్నదే విన్నాడని ఊళ్లో అన్నారు. నేను ఏదీ అనలేదు. ఆ రోజు నా భయం నాకు సరిపోయింది.

గడి ఫోనులోంచే ఆఫీసరుకు చెప్పాను. వెంటనే తిరిగి ప్రకటించమన్నారు, అయితే ముందు చెప్పింది పొరపాటని మాత్రం అనవద్దన్నారు. "ఆఫీసుకు చెడ్డపేరండీ. దొరసానిగారు క్షేమంగా ఇంటికి చేరుకున్నారు అనండి, చాలు."

నేను అట్లాగే అన్నాను. ఎడపల్లిలో అది విని జనం ఇంకా గట్టిగా గడి వైపు బయలుదేరారు. ఇంటికి చేరింది శవమనుకున్నారు. ఒక ముసలమ్మ పూలు తెచ్చి జీపులో పెట్టి, నేను రాలేనయ్యా, నా పేరున వెయ్యి అని బతిమాలింది. చివరికి చాచా జీపు ఆపి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో మైకు ముట్టని మనిషి.

"దొర్సాని జిందా ఉన్నది. బతికే ఉన్నది. అందరు ఇండ్లకు పోండ్రి," అన్నాడు.

పోయేటప్పుడు నేను చెప్పకుండానే దాటేసిన వాడకు తిరిగి వచ్చి, చాచా అక్కడా అదే చెప్పాడు. చాచా మాట విని అక్కడ ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ఆ పడుచువాడు డప్పును గోడకు ఆనించి పెట్టి, అది తనది కానట్టు దూరంగా జరిగాడు. కాసేపటికి జీపు దగ్గరికి వచ్చాడు. చిన్న బిడ్డను ఎత్తుకుని అతని భార్య వెనకే నిలబడింది.

"సార్, మీరు దబ్బన పోయిండ్రు. మీరేం సూడలే గదా?" అన్నాడు.

"ఏం సూడలే," అన్నాను.

అన్నాను కానీ, ఆ మాట మీద నిలబడతానని నాకు అప్పుడు నమ్మకం లేదు.

మర్నాడు చిన్నదొర మా ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసరు ఎదుటనే, ఎంతో నెమ్మదిగా అడిగాడు. వాడలో డప్పు కొట్టారని విన్నాడట. ఎవరు కొట్టారు, ఎవరు ఆడారు, పేర్లు తెలియకపోతే గుర్తులు చెప్పినా చాలన్నాడు. దొరసానికి తెలిస్తే ఆమె నోటితోనే వాడను ఎత్తేయమంటుందని, ఆ తర్వాత ఎవరూ తనను అనడానికి ఉండదని ఆయన లెక్క. జీపు చప్పుడులో నాకేమీ వినబడలేదని చెప్పాను. ఆయన నవ్వి, కొత్త నౌకరి కదా, జాగ్రత్తగా చేసుకోమన్నాడు. ఆయన పోయాక ఆఫీసరు చాలాసేపు కిటికీలోంచి చూసి, "మనకెందుకండీ ఇవన్నీ?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు మూడు రోజులకు గడి నుంచి మళ్లీ కబురు వచ్చింది. ఈసారి పిలిచింది దొరసాని.

నడిమింట్లో మంచం వేసి ఉంది. ఎదుటి గోడకు దొరసాని భర్త పెద్దదొర పటం. చిన్నదొర తల దగ్గర నిలబడ్డాడు. దొరసాని మందు తెమ్మని ఆయనను బయటికి పంపింది. గొంతు పీలగా ఉంది కానీ ఒక్కో మాటా తెగినట్టుగా వస్తున్నది.

"నా సావు చాటింది నువ్వేనా?"

తల ఊపాను.

"ఎట్లున్నది? చెప్పు."

బోధన్ దుకాణాయన సంగతి చెప్పాను. విన్నది. పూల ముసలమ్మ సంగతి చెప్పాను. విన్నది. బండాయన కాంటా గురించి అడిగింది చెబితే పెదవి కొంచెం కదిలింది.

"వాడ సంగతి చెప్పు."

జీపు చప్పుడు అనబోయాను. చెయ్యి కొంచెం ఎత్తింది.

"కారు అద్దం దించి ఉండె. డప్పు నేను గూడ విన్న. ఎవలు కొట్టిండ్రని అడుగుతలేను." కళ్లు మూసుకుంది. "ఆడ ఒక ఆడామె ఉంటది. నాతో అరణమొచ్చిన ఆడబాప బిడ్డ. చెరుకు కొట్టవోతది. అదేం జేసింది?"

అరణమంటే పెళ్లికూతురి వెంట అత్తవారింటికి పంపే కట్నం సామాను. ఆ సామానులో పనిపిల్లలను కూడా పంపేవారు. వాళ్లను ఆడబాపలనేవారు. వాళ్లకు పెళ్లి ఉండేది కాదు, పిల్లలు మాత్రం పుట్టేవారు. వాళ్ల తండ్రులెవరని ఎవరూ అడిగేవారు కాదు.

ఏడ్చిందని చెప్పడం తేలిక. పోయే ప్రాణానికి ఒక మంచి మాట చెప్పినట్టుంటుంది, వాడకూ మేలు జరగవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కళ్లు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. అబద్ధం చెబితే ఇక్కడే పట్టుకుంటుందని, పట్టుకుంటే మిగతా ఏదీ నమ్మదని భయమేసింది.

"ఏడ్వలేదమ్మా. నవ్వలేదు. చెరుకు కొడుతనే ఉన్నది."

ఆమె చూపు నా మీద నుంచి పటం మీదికి వెళ్లింది. తర్వాత, "పోయి దాన్ని పిలుసుకరా," అంది.

జీపు వాడ ముందు ఆగేసరికి మగవాళ్లు చెరుకులోకి తప్పుకున్నారు. ఆమె ఒక్కతే వాకిట్లో నిలబడింది. కబురు చెప్పాను. కొంగుతో చేతులు తుడుచుకుంది. జీపు ఎక్కమంటే ఎక్కనంది. ఎక్కితే పట్టుకపోయిండ్రంటారు, పిల్లలు బెదురుతారు, నడిచే వస్తానంది. ముందు ఆమె, వెనక నడక వేగంతో మా జీపు. ఆ కాస్త దూరం నాకు ఎంతకూ తరగలేదు. పిలిచింది ఎందుకో నాకూ తెలియదు. ఆమెకు ఏదైనా అయితే తీసుకొచ్చినవాడిని నేనే.

నడిమింట్లోకి వచ్చి మంచానికి దూరంగా నిలబడింది. చిన్నదొర మందు సీసాతో గుమ్మంలో ఉన్నాడు. ఆమె పటం కింద నిలబడినప్పుడు నేను తల తిప్పుకున్నాను. పటంలోని పెద్దదొర ముక్కు, కనుబొమలు ఆమె ముఖం మీద అట్లాగే ఉన్నాయి. ఆ ఊళ్లో అందరూ చూసిందే, ఎవరూ అననిదే.

"కూసో," అంది దొరసాని.

ఆ గడిలో వాడవాళ్లెవరూ దొరసాని ఎదుట ఎన్నడూ కూర్చోలేదు. ఆడబాప బిడ్డ నేల వైపు చూసింది, పక్కనున్న కుర్చీ వైపు చూసింది. కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"నేను సచ్చిన్నని చెప్తే నీకు సంబురం గాలేదా?"

"పని ఉండె," అంది ఆమె. "ఏడ్వ తీరలే, నవ్వ తీరలే."

దొరసానికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు దగ్గుగా మారి ఎంతకూ ఆగలేదు. కుర్చీలోంచి లేచి ఆమే వీపు పట్టింది, నీళ్లు తాగించింది. ఆ పని చేతులకు ఎప్పటినుంచో అలవాటున్నట్టు చేసింది. దగ్గు తగ్గాక దొరసాని చిన్నదొరను పిలిచి, నన్ను కూడా దగ్గరికి రమ్మంది.

"వాండ్ల ఇండ్ల జోలికి పోకు. జాగ వాండ్లదే. గీ సర్కారు పిలగాడు వింటున్నడు."

అంతే. కాగితం లేదు, సంతకం లేదు. చిన్నదొర నా వైపు చూసిన చూపు మాత్రం ఉంది.

వారం తిరగకముందే దొరసాని నిజంగా పోయింది. ఈసారి ఆఫీసరు నన్ను ముందు గడికి వెళ్లి కళ్లారా చూసి, ఆ తర్వాతే మైకు పట్టుకోమన్నారు. మొదటిసారి రాసి పెట్టుకున్న సంతాప ప్రకటనలో తేదీ ఒక్కటే మార్చారు. అందులో ప్రజలు శోకసముద్రంలో మునిగారని ఉంది.

నిజానికి ఈసారి ఎవరూ తొందరపడలేదు. బోధన్‌లో ప్రకటన విన్నవాళ్లు, చూసొచ్చినవా అని నన్నే అడిగారు. బట్టల దుకాణాయన కూడా ముందు ఆ మాటే అడిగి, తర్వాతే తలుపులు దించాడు. వాడలో ఎవరూ డప్పు ముట్టలేదు. మగవాళ్లందరూ ఉతికిన బట్టలు కట్టుకుని గడికి దూరంగా వచ్చి నిలబడ్డారు. చిన్నదొర భయపడి పోలీసులను పిలిపించాడు. ఇద్దరు జవాన్లు వచ్చి, ఎవరినీ ఏమీ అనడానికి లేక నీడన కూర్చున్నారు. ఆ మనుషులు దండం పెట్టడానికి వచ్చారో, నిజంగా కాలుతుందో లేదో చూడడానికి వచ్చారో నేను ఇప్పటికీ చెప్పలేను. బహుశా వాళ్లలో కొందరికి రెండూ కావచ్చు.

ఆడబాప బిడ్డ మాత్రం లోపలికి వెళ్లింది. చుట్టాల ఆడవాళ్లు దారి ఇచ్చారు. స్నానం చేయించింది, తల దువ్వి ముడి వేసింది. బయటికి వచ్చి బావి దగ్గర నీళ్లు పోసుకుని, శవం లేచేదాకా ఆగకుండా చేను వైపు వెళ్లిపోయింది.

కర్మలు కాగానే చిన్నదొర ట్రాక్టరు పంపాడు. వాడవాళ్లు దానికి అడ్డంగా కూర్చున్నారు. గొడవ తహసీలు దాకా పోయింది. దొరసాని అటువంటి మాటే అనలేదని చిన్నదొర అన్నాడు. విన్నది ఇంకెవరని అడిగితే వాడవాళ్లు నా పేరు చెప్పారు.

ఆఫీసరు నన్ను ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చారు. మీకు చెప్పడానికి నాకు హక్కు లేదు, కానీ పెళ్లి కావలసినవారు, ఆలోచించండి అన్నారు. నేను ఆలోచించాను. ధైర్యం వచ్చి వెళ్లానని మీరు అనుకోవద్దు. రానని చెప్పడానికి ఏ సాకూ తోచక వెళ్లాను. చాచా ఆ రోజు సెలవు పెట్టి నాతో వచ్చాడు, బయట మెట్ల మీద కూర్చున్నాడు. విన్నది విన్నట్టు చెప్పాను. అప్పుడు దొరసాని తెలివిలోనే ఉందా అని అడిగారు. నాకంటే ఎక్కువ తెలివిలో ఉందన్నాను.

ఇళ్లు నిలిచాయి. పట్టాలు రావడానికి చాలా ఏళ్లు పట్టిందని తర్వాత విన్నాను. నాకు మూడు నెలల్లో దూరపు జిల్లాకు బదిలీ అయింది. బదిలీ కాగితం ఇస్తూ ఆఫీసరు నా కళ్లలోకి చూడలేదు. బస్సు దాకా మాత్రం తానే పెట్టె మోసుకొచ్చారు.

ఆ విచారణ రోజున నేను చెప్పింది నాకు అంతగా గుర్తు లేదు. నా తర్వాత ఆడబాప బిడ్డను పిలిచారు. తహసీల్దారు ఆమె పేరు, ఊరు రాసుకుని, ఆనవాయితీగా అడిగే ప్రశ్న ఒకటి అడిగాడు.

"చనిపోయినామె నీకు ఏమవుతుంది?"

చిన్నదొర తల వంచుకున్నాడు. గదిలో ఉన్న అందరికీ ఆ జవాబు తెలుసు. ఎవరికీ దాన్ని వినాలని లేదు. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఏమన్న అయితనని ఆమె ఎన్నడు అనలే సార్," అంది. "ఏం గానని నేను ఎన్నడు అనలే."